తాళం బూట్లు

అంగన్‌వాడీలో పిల్లలందరికీ తాళం బూట్లే. టీచరు "తకిట" అనగానే ఆ బూట్లే కాళ్ళను ఎత్తి దించుతాయి. ఒక్క అడుగూ తప్పదు. ఆ రోజు నాలుగేళ్ళ జాజికి బూట్లు బిగుతై, విప్పేయాల్సి వచ్చింది.

"నాకు గెంతడం రాదు టీచరమ్మా, బూట్లకే వచ్చు," అంటూ గోడకు అతుక్కుపోయింది.

వరాలమ్మ టీచరు తన బూట్లూ విప్పింది. ఎన్నేళ్ళకో గచ్చు చల్లగా పాదాలకు తగిలింది. "దామ్మా, కప్పగంతులేద్దాం. తకిట!" అని గెంతి, తూలి, చతికిలబడింది.

జాజి పకపకా నవ్వి, అచ్చం అలాగే గెంతి, అలాగే చతికిలబడింది. మిగతా పిల్లలూ బూట్లు విడిచి పరుగెత్తుకొచ్చారు.

"తకిట!"

గోడ పక్కన ఖాళీ బూట్లు వరసగా, తాళం తప్పకుండా గెంతాయి. పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు.

జాజి ఆ బూట్లకేసి జాలిగా చూసింది.

"పాపం, వాటికి పడిపోవడం రాదు కదా టీచరమ్మా!"