ముగ్గురి సాక్ష్యం

“మాంత్రికున్ని తీసేసి జ్యోతిష్కున్ని పెట్టిన. యోధుడేమో తుపాకి సిపాయి,” అన్నడు రాకేష్. పాలమూరు కిరాయి రూంల కూసొని, తలా ఒక పాత్ర తీస్కొని ఆడే మాయలోకపు ఆటను నాలుగొందల ఏండ్ల కిందటి యూరప్‌కు మారుస్తున్నడు. పాత్ర పేరు రాసిన అట్టముక్క ఒకటి కోమల ముంగట పెట్టిండు. “నువ్వు పసరు పోసే వైద్యురాలివి. ముగ్గురు సాక్ష్యం చెప్తే మంత్రగత్తె అని కాలబెడ్తరు. నీ ఆట ఖతం.”

ఇద్దరిదీ ఒకటే ఊరు. కోమల ఆ అట్టను తిప్పి తిప్పి చూసింది.

“ముందుగాల పండ్లు పీకరా?”

“పండ్లెందుకు?”

“మంత్రం చదవకుండ.”

రాకేష్ నవ్విండు. “యూరప్‌ల గట్ల లేకుండె.”

“మనూర్ల ఉండె. మా అవ్వకు పట్టుకారుతోని పీకిండ్రు.”

రాకేష్ నవ్వు ఆగిపోయింది. ఆ అవ్వ నమలే పని లేని మెత్తటి గటక తప్ప ఏం తినకపోయేది. ముసలితనమని అనుకున్నడు ఇన్నేండ్లు.

“ముగ్గురు చెప్పిండ్రా?” అని మెల్లగ అడిగిండు.

“ఒక్కడే. మీ తాత. కామెర్లొచ్చిన మనుమనికి పసరు పోసి బాణామతి చేసిందన్నడు.”

“మరి ఆ పిలగాడు...” అని అడగబోయి ఆగిండు రాకేష్.

తాతకు మనుమడు తనొక్కడే.