కాఫీ లెక్కలోకి రాదు

స్కానింగ్ సెంటర్ గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్న పెద్దావిడ చెయ్యి అడ్డుపెట్టి ఆపింది.

"కాఫీ గానీ టీ గానీ తాగి వచ్చారా అమ్మా?"

సుబ్బరత్నానికి ఒళ్ళు మండింది. కంకిపాడులో ఆమెకి చీరల కొట్టుంది. అక్కడ ప్రశ్నలు అడగడం ఆమె వంతు, జవాబులు చెప్పడం మిగతా ప్రపంచం వంతు. విజయవాడ వన్ టౌన్‌లో ఎవరో ఆయా తనని నిలదీయడమేమిటి?

"ఖాళీ కడుపుతోనే వచ్చాను," అంది.

ఆమె దృష్టిలో అది అబద్ధం కాదు. ముప్ఫై ఏళ్ళుగా శనివారాలు ఉపవాసం ఉంటోంది, పొద్దున్నే చిక్కటి కాఫీ తాగే ఉంటోంది. కాఫీతో ఉపవాసం చెడదని వాళ్ళమ్మ చెప్పింది, అత్తగారూ సరేనంది. ఆ వియ్యపురాళ్ళిద్దరూ ఏకమైన మాట అదొక్కటే కాబట్టి దానికి తిరుగు లేదు.

నెల రోజులుగా నూనె వస్తువు ఏది తిన్నా కుడి పక్కటెముకల కింద మెలిపెట్టే నొప్పి. వీపు మీదుగా భుజానికి పాకేది. గ్యాసని తనే తేల్చేసి సోడాలు తాగింది. కూతురు కీర్తన పోరు పడలేక స్కానింగ్‌కి ఒప్పుకుంది.

పెద్దావిడ వదల్లేదు. కాఫీ వాసన వస్తోందని, రేపు ఏమీ ముట్టకుండా రమ్మని బతిమాలింది.

సుబ్బరత్నం నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్ళింది. వచ్చినవాళ్ళ నోళ్ళు వాసన చూడ్డానికి మనిషిని పెట్టారా అని దులిపేసింది. మేనేజరు బయటికొచ్చి, ఇక ఇక్కడ కూర్చోవద్దని పెద్దావిడతో చెప్పాడు.

ఆవిడ లేచి చెప్పులు వేసుకుంది. మెట్లు దిగబోతూ సుబ్బరత్నం వైపు తిరిగింది.

"రేపు రండమ్మా. ఒక్క రోజే కదా."

రిపోర్టులో పిత్తాశయం ముడుచుకుని ఉందని, రాళ్ళు కనిపించలేదని రాశారు. సుబ్బరత్నం రెండో ముక్క మాత్రమే చదివింది. గ్యాసేనని ముందే చెప్పలేదా అని కూతుర్ని దెప్పి, ఆ ఆదివారం ఉయ్యూరులో ఆడపడుచు గృహప్రవేశానికెళ్ళి గారెలు తృప్తిగా తింది.

మర్నాటికి చలిజ్వరం, వాంతులు. నొప్పికి నిటారుగా నిలబడలేకపోయింది. కీర్తన కారులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ కుడి పక్కటెముకల కింద వేళ్ళు నొక్కిపెట్టి గట్టిగా ఊపిరి పీల్చమంది. సగం పీల్చేసరికి సుబ్బరత్నం ప్రాణం విలవిల్లాడింది, ఊపిరి అక్కడే ఆగిపోయింది. మళ్ళీ స్కానింగ్ తీశారు. పిత్తాశయంలో బోలెడు రాళ్ళు. ఒకటి ఆ సంచి మూతి దగ్గర ఇరుక్కుని, పైత్యరసం దిగే దారి లేక సంచి వాచిపోయింది.

"మొదటి స్కానింగ్ రోజు పొద్దున్న ఏమైనా తీసుకున్నారా?" డాక్టరమ్మ అడిగింది.

"ఏమీ లేదండీ. కాఫీ, అంతే."

"పాలు కడుపులో పడగానే పిత్తాశయం పిండుకుని ముడుచుకుపోతుందండీ. అప్పుడు రాళ్ళున్నా ఒక్కోసారి కనిపించవు. ఇంకో రెండు రోజులు ఆగుంటే అది పగిలేదేమో."

సుబ్బరత్నానికి గుమ్మం పక్క మనిషి గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

సెలైన్లు, యాంటీబయాటిక్స్ పెట్టి, మర్నాడు పొట్ట మీద నాలుగు చిన్న గాట్లతో పిత్తాశయం తీసేశారు. అది లేకపోయినా తిన్నది అరుగుతుందని డాక్టరమ్మ చెబితే, అయితే ఇన్నేళ్ళూ దాన్ని ఎందుకు మోశానని నిలదీసింది. మనిషి కోలుకుందని కీర్తనకి అప్పుడు ధైర్యం వచ్చింది.

రెండు వారాలు గడిచాక సుబ్బరత్నం కొట్లో మేలిరకం నేతచీర ఒకటి తీసుకుని స్కానింగ్ సెంటర్‌కి వెళ్ళింది. క్షమాపణ చెప్పుకోవాలి, మేనేజరుతో మాట్లాడి ఆవిణ్ణి మళ్ళీ పనిలో పెట్టించాలి. పెట్టించగలనని ఆమెకి అనుమానమేమీ లేదు.

గుమ్మం పక్కన కుర్చీ లేదు.

"మీ ఆయా ఏదమ్మా?" అని కౌంటర్లో ఉన్న ఎలిజబెత్ అనే అమ్మాయిని అడిగింది.

"మెహరాజ్ గారాండీ? ఆవిడ ఆయా కాదండీ, మా స్టాఫే కాదు. ఆరేళ్ళుగా పొద్దున్నే తనంతట తనే వచ్చి కూర్చునేవారు. మీరొచ్చిన రోజు వెళ్ళినావిడ మళ్ళీ రాలేదు. ఇల్లెక్కడో మాకెవరికీ తెలీదు."

"ఎవరూ పెట్టకుండా రోజూ ఎందుకొచ్చేవారు?"

ఎలిజబెత్ చీర వైపు చూసింది.

"వాళ్ళాయన్ని ఇక్కడికే స్కానింగ్‌కి తీసుకొస్తూ, ఖాళీ కడుపుతో నీరసపడతారని దార్లో తన చేత్తోనే కప్పు టీ తాగించారటండీ, రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది, పదో రోజుకి ఆయన పోయారు."