కిటికీ ఖాళీగా ఉండాలి

సినిమా షాట్లలో అక్కర్లేని తీగల్ని, మనుషుల్ని కంప్యూటర్లో చెరపడం కుమారి పని. ఆఫీసు గుడివాడలో, రెండో అంతస్తులో. సినిమా బయటికి పొక్కకుండా ఫోన్లు తీసుకుని, గదికి బయట తాళం వేస్తారు. పనయ్యాక తలుపు కొడితే వాచ్‌మన్ వీరాస్వామి బాబాయ్ తీస్తాడు.

ఆ రాత్రి ఆమె ఒక్కతే మిగిలింది. చివరి షాట్ పోయిన నెలలో ఆఫీసు ముందున్న రోడ్డు మీదే తీశారు. "కిటికీ ఖాళీగా ఉండాలి. అమ్మాయిని తీసెయ్యండి" అని రాసి పంపారు. చూస్తే ఆ కిటికీ తమ ఆఫీసుదే, ఆ అమ్మాయి తనే. కుమారికి నవ్వొచ్చింది. ఒక్కో ఫ్రేములో తనని తాను చెరుపుకుంటూ పోయింది.

నూట యాభై ఫ్రేములు దాటాక నవ్వు ఆగింది. బొమ్మలో తను లేచి, రెండు చేతులతో అద్దం బాదుతోంది. అలా చేసిన గుర్తే లేదు. పైగా మెడలో పసుప్పచ్చ చున్నీ. అది ఆమె ఇవాళే మొదటిసారి వేసుకుంది.

తెల్లారేసరికి పంపాలి. అదీ చెరిపేసింది.

పంపాక తలుపు కొట్టింది. బయట బాబాయ్ ఫోన్లో చెబుతున్నాడు.

"పైన ఎవరూ లేరండీ. అంతా వెళ్లిపోయారు."

"బాబాయ్, నేనున్నాను. తలుపు తియ్యి."

చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తి రెండు చేతులతో అద్దం బాదింది. కింద బాబాయ్ తలెత్తి సూటిగా ఆమె వైపే చూశాడు. మనుషుల్లేని గదికి లైట్లెందుకని గొణుక్కుంటూ మెయిన్ స్విచ్ కట్టేశాడు.