పూతరేకుల మీద వీడియో

“వీడియో మొత్తం నెట్‌లోంచి తీయించేస్తామమ్మా. ఇక్కడ సంతకం పెట్టండి,” అన్నాడు సైబర్ కేసులు చూసే ఎస్సై.

సూర్యకళ పెన్ను అందుకోలేదు. “వీడియో కాదండి, దాని కింద నా ఒంటి గురించి రాసిన బూతు కామెంట్లు తీయించమంటున్నాను. ఇందుకే మూడుసార్లు తిరిగానండి.”

“వాటిని ఒక్కొక్కటీ ఏరడం మావల్ల కాదండి. వీడియో పోతే అవీ పోతాయి.”

“పెట్టెయ్ సూర్యకళా,” విసుక్కున్నాడు భర్త అచ్చిబాబు. “కొట్టు పరువు పోతోంది.”

కాగితం మీద ‘వీడియోలో చెప్పినదంతా అబద్ధం’ అని ఉంది.

కొట్టుకొచ్చి, సూర్యకళ రేకులు చుడుతుంటే వీడియో తీసి పెట్టిన శ్రీదివ్య ఒక్క బూతుమాటా అనలేదు. వీళ్ల పూతరేకులు పామాయిలు వాసన వస్తున్నాయని మాత్రమే చెప్పింది. ఆ వారం నేతిలో పామాయిలు కలిపింది అచ్చిబాబే. రేకులకు పూసింది సూర్యకళే.

“ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదండి.”

అచ్చిబాబు ముఖం తిప్పుకున్నాడు.

“అయితే కామెంట్లూ ఉంటాయి. మేం చేసేదేం లేదండి,” అని ఎస్సై కాగితం వెనక్కి లాక్కున్నాడు.

సూర్యకళ ఫోన్ తీసి, ఆ బూతుల కిందే తన పేరుతో రాసింది: ‘పామాయిలు కలిపిన మాట నిజం. తిట్టాలనుంటే అందుకు తిట్టండి. నా ఒంటి జోలికి రాకండి.’