మొహమాటం లేని మీటరు

షుగరు మీటర్లకు మాటలొచ్చాక వాటిని ఎంచుకోవడం పెళ్లిచూపులంత పనైంది. పాత మీటరు మొహమాటానికి పోయి నిజం దాచబట్టే భ్రమరాంబ పోయినేడు ఆస్పత్రి పాలైంది. అందుకే ఈసారి రావులపాలెం మందుల కొట్లో కూర్చుని, రెండు పూతరేకులు తిని, కాసేపాగి ఒక్కో మీటరుకీ వేలిచ్చింది.

"మీకేంటండి, నిక్షేపంలా ఉన్నారు," అంది మొదటిది.

"ఇది మా ఆయన టైపు. వద్దు బాబూ," అంది కొట్టతనితో.

రెండోది అంకె చూసి బావురుమంది.

"రెండొందల నలభై. పూతరేకులు లాగించారు," అంది మూడోది.

"ఒక్కటే తిన్నాను."

"రెండండి."

భ్రమరాంబ ముచ్చటపడి దాన్నే కొంది. బయట బజ్జీల బండి కనబడగానే మీటరున్న సంచి మూతి గట్టిగా ముడేసింది.

"ముడేసుకోండి," అంది మీటరు లోపల్నుంచి. "రేపు పొద్దున్న వేలివ్వాలి కదండీ."