పై మడుగు

ఆ లోయలో పై మడుగు తాగే నీళ్ళకి, కింది మడుగు స్నానానికి. మా ఒమాన్‌లో ఏ కొండ ఊరికి వెళ్ళినా అదే కట్టుబాటు. నాకు తెలుసు.

"వద్దురా, ఊళ్ళోకి కాలువ ఇక్కణ్ణుంచే పోతుంది," అన్నాడు నా స్నేహితుడు ముంధిర్.

"శుక్రవారం జుమ్మా నమాజు వేళ ఊరంతా మసీదులో ఉంటుంది. ఎవడు చూడొచ్చాడు? మస్కట్ నుంచి ఇంతదూరం వచ్చింది ఆ కింది గుంటలో కాళ్ళు తడుపుకోడానికా?" అంటూ పై మడుగులోకి దూకేశాను. చాలక, తలకి ఆపిల్ షాంపూ కూడా రుద్దుకున్నాను.

నమాజు అయిపోయాక దిగి వస్తుంటే ఊరి మొదట్లో ఒక ముసలాయన ఆపేశాడు. "ఎండన పడి వచ్చారు. కాఫీ తాగందే పోనివ్వను నాయనా!"

చాప మీద కూర్చోబెట్టి, ఖర్జూరాలు పెట్టి, చిన్న కప్పుల్లో కాఫీ పోశాడు. ఏలకుల వాసనతో పాటు ఆపిల్ వాసన గుప్పుమంది.

"ఏమీ అనుకోకండి. ఒకసారి పారబోసి మళ్ళీ కాచాను. అయినా రుచి తేడాగానే ఉంది. కుండ నేనే సరిగ్గా తోమలేదేమో," అన్నాడు నొచ్చుకుంటూ.

చాలనడానికి మేం కప్పు ఊపుతాం. ముంధిర్ మొదటి కప్పుకే ఊపేశాడు. నాకు చెయ్యి రాలేదు. ఆయన పోస్తూనే ఉన్నాడు, నేను తలెత్తకుండా తాగుతూనే ఉన్నాను.

ఐదో కప్పు అయ్యాక ఆయనే నా మణికట్టు పట్టుకుని మెల్లగా ఊపాడు.

"ఇక చాల్లే నాయనా. ఈసారి కింది మడుగులో దిగు. అక్కడి నీళ్ళూ చల్లగానే ఉంటాయి."