పక్కసీటు మ్యాట్

"సార్, మేడమ్ వైపు కూడా బ్రేకుందా ఏంటి?" మెకానిక్ నవ్వుతూ రబ్బరు మ్యాట్ ఎత్తి చూపించాడు. పక్కసీటు ముందు, సరిగ్గా కుడిపాదం ఆనేచోట, అది అరిగి చిల్లు పడింది.

కొండదారుల్లో తిరిగే తన జీపుకి, ముందున్న బండిని చూసి తనంతట తానే వేగం తగ్గించుకునే క్రూజ్ కంట్రోల్ పెట్టించుకుంటున్నాడు భర్త. దాని వైరు లాగడానికే మ్యాట్ తీశారు.

"ఈవిడకి కాస్త భయం ఎక్కువలే," అన్నాడు.

"లేని బ్రేకు తొక్కుతుంటాను తమ్ముడూ," అంది భార్య. "ఇన్నేళ్లలో బండి ఒక్కసారీ ఆగలేదనుకో."

ముగ్గురూ నవ్వారు. చిల్లులో వేలు పెట్టి చూశాక భర్త నవ్వు ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆమె పక్కన కూర్చుని కొండలు చూస్తోందనుకున్నాడు.

"ముందు బండికి ఎంత ఎడం పెట్టమంటారు సార్? దగ్గరా, దూరమా?"

"ఆవిణ్ణే అడుగు," అన్నాడు తలెత్తకుండా.

ఆమె మెకానిక్ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "బాగా దూరం పెట్టు. ఈయన మళ్లీ మార్చకుండా దానికేమైనా తాళం ఉంటుందా?"

భర్త విననట్టే మ్యాట్ చుట్టసాగాడు, చిల్లు లోపలికి పోయేలా.